పియానోపై క్లాసికల్ వాల్ట్జ్‌లు వాయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పియానో కొంతకాలంగా నేర్చుకుంటూ, నోట్స్ చదవడం వచ్చి, ఇప్పుడు వాల్ట్జ్‌ల వైపు చూస్తున్నవాళ్ళ కోసం ఈ పేజీ. వాల్ట్జ్ అనగానే అందరి చూపూ కుడి చేతి మెలోడీ మీదకి పోతుంది. నిజానికి వాల్ట్జ్ నిలబడేది ఎడమ చేతి మీద. అందుకే ఇక్కడి జవాబుల్లో సగానికి పైగా ఎడమ చేతి గురించే ఉంటాయి.

మూడు బీట్లు ఉంటే వాల్ట్జేనా? మెనుయెట్ కూడా అంతే కదా?

కాదు. మెనుయెట్, మజుర్కా, సరబాండ్ అన్నీ మూడు బీట్లవే. తేడా అంతా బరువు ఎక్కడ పడుతుందన్న దాంట్లో ఉంది. మెనుయెట్‌లో మూడు అడుగులూ నిదానంగా, లెక్కగా పడతాయి. మజుర్కాలో ఊనిక తరచూ రెండో బీట్ మీదకో మూడో బీట్ మీదకో జరుగుతుంది. వాల్ట్జ్‌లో మాత్రం మొదటి బీట్ నేలను తాకుతుంది, మిగతా రెండూ తేలిపోతాయి.

వాల్ట్జ్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ ప్రాంతాల్లో ల్యాండ్లర్ లాంటి పల్లె నృత్యాల నుంచి ఎదిగింది. జంటగా గుండ్రంగా తిరిగే నాట్యం అది. వియన్నా పద్ధతిలో ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఆరు అడుగులు, అంటే రెండు బార్లు పడతాయి. పియానో వాయించేవాళ్ళకి ఇది చాలా పనికొచ్చే సంగతి. ఒక్కో బార్‌ని విడిగా కాకుండా రెండేసి బార్లను జతగా వినడం మొదలుపెడితే, వాయింపులో ఆ తిరుగుడు దానంతటదే వస్తుంది. మొదటి బార్ కాస్త బరువుగా, రెండో బార్ కాస్త తేలిగ్గా. అన్ని బార్లూ ఒకే బరువుతో పడితే ఎంత చక్కగా వాయించినా కవాతులా వినిపిస్తుంది.

ఏ వాల్ట్జ్‌తో మొదలుపెట్టాలి?

చాలామంది నేరుగా షోపాన్ దగ్గరకి వెళ్ళిపోతారు. నేనైతే ముందు షూబర్ట్ దగ్గరకి పంపిస్తాను. ఆయన పియానోకి చిన్న చిన్న నాట్యాలు వందల్లో రాశాడు. స్నేహితులు నాట్యం చేస్తుంటే పియానో ముందు కూర్చుని అప్పటికప్పుడు అల్లి, తర్వాత కాగితం మీద పెట్టినవి వాటిలో చాలా ఉన్నాయి. 1821లో ఓపస్ 9గా (ఓపస్ అంటే స్వరకర్త రచనలకి ఇచ్చే వరుస సంఖ్య) అచ్చయిన సంపుటిలోనే 36 నాట్యాలున్నాయి. ఎక్కువ వాటిలో ఎనిమిదేసి బార్ల రెండు భాగాలు, రెండింటికీ రిపీట్, అంతే. పదహారు బార్లలో ఒక వాల్ట్జ్ మొత్తం మీ చేతిలోకి వస్తుంది. ఆ సంపుటిలో రెండోది, ఏ ఫ్లాట్ మేజర్‌లో ఉన్నది, ఎంత పేరు తెచ్చుకుందంటే కొంతకాలం దాన్ని బీథోవెన్‌దని కూడా అనుకున్నారు.

పిల్లలకైతే చైకోవ్‌స్కీ 1878లో రాసిన పిల్లల ఆల్బమ్, ఓపస్ 39లోని వాల్ట్జ్ మంచి ఎంపిక. గ్రీగ్ లిరిక్ పీసెస్ మొదటి సంపుటి, ఓపస్ 12లో రెండోదైన ఏ మైనర్ వాల్ట్జ్ కూడా చేతికి బాగా నప్పుతుంది.

బ్రామ్స్ 1865లో రాసిన ఓపస్ 39లో 16 వాల్ట్జ్‌లున్నాయి. మొదట ఇద్దరు ఒకే పియానో మీద వాయించడానికి రాశాడు. తర్వాత ఒక్కరు వాయించేలా ఆయనే మార్చాడు, అందులోనూ ఒక సులువైన వెర్షన్ విడిగా ఇచ్చాడు. అందరికీ తెలిసిన 15వ వాల్ట్జ్ మామూలు వెర్షన్‌లో ఏ ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది, సులువైన వెర్షన్‌లో ఏ మేజర్‌లో ఉంటుంది. పుస్తకం కొనేముందు ఏ వెర్షనో చూసుకోండి. తోడు దొరికితే మాత్రం ఇద్దరూ కలిసి వాయించే వెర్షనే పట్టుకోండి. కింది భాగం వాయించేవాళ్ళకి వాల్ట్జ్ లయ ఒంటికి పట్టినంతగా ఇంకెక్కడా పట్టదు.

ఇక షోపాన్. వరుస ఇలా ఉంటే బాగుంటుంది: ముందు ఓపస్ నంబర్ లేని ఏ మైనర్ వాల్ట్జ్. తర్వాత బి మైనర్‌లోని ఓపస్ 69 రెండోది, ఆయన పంతొమ్మిదేళ్ళ వయసులో రాసింది. దాని పక్కన ఓపస్ 34లోని ఏ మైనర్. అవి కుదిరాక సి షార్ప్ మైనర్, అంటే ఓపస్ 64 రెండోది. ఓపస్ 18, ఓపస్ 42 లాంటి పెద్ద వాల్ట్జ్‌లకి తొందర వద్దు, అవి వేళ్ళతో పాటు ఊపిరి కూడా అడుగుతాయి.

ఎడమ చెయ్యి దూకేటప్పుడు ఎప్పుడూ తప్పు కీ మీద పడుతోంది. ఏం చెయ్యాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. సాధారణంగా జరిగేది ఏమిటంటే, మొదటి బీట్‌కి బేస్ నోట్ వాయించి చెయ్యి అక్కడే ఆగిపోతుంది. రెండో బీట్ వచ్చేసిందని తెలిశాక కంగారుగా కార్డ్ మీదకి దూకుతుంది. దూకడం, వాయించడం రెండూ ఒకే క్షణంలో జరిగితే గురి తప్పక తప్పదు.

ఈ రెండు పనుల్నీ విడదీయండి. మెట్రోనోమ్ లేకుండా, మెలోడీ లేకుండా, ఒక్క ఎడమ చేత్తో బేస్ నోట్ వాయించండి. వాయించిన మరుక్షణం చెయ్యి కార్డ్ మీదకి వెళ్ళిపోవాలి, వెళ్ళి కీల మీద వేళ్ళు ఆనించి ఆగాలి. శబ్దం చెయ్యొద్దు. మూడు వేళ్ళూ సరైన కీల మీద ఉన్నాయని తెలిశాక నొక్కండి. అలాగే చివరి కార్డ్ నుంచి తర్వాతి బేస్ నోట్‌కి వెళ్ళండి, చేరండి, ఆగండి, నొక్కండి. ప్రయాణం వేగంగా ఉండాలి, ఎదురుచూపు నింపాదిగా ఉండాలి. వేగం పెంచేకొద్దీ ఆ ఎదురుచూపే తగ్గుతుంది, ప్రయాణం అంతే ఉంటుంది.

చెయ్యి ఎత్తుగా గాల్లోకి లేవకూడదు. కీలకి దగ్గరగా, పక్కకి జారినట్టు వెళ్ళాలి. కళ్ళని బేస్ నోట్ మీద పెట్టండి, కార్డ్స్‌ని వేళ్ళ స్పర్శకి వదిలేయండి. ఎందుకంటే బేస్ దూరదూరంగా మారుతుంది కానీ కార్డ్స్ చాలావరకు ఒకే చోట, మిడిల్ సికి కాస్త కింద, అటూ ఇటూ కొద్దిగా మాత్రమే కదులుతాయి.

ఒక్క ఉదాహరణ చూడండి. ఒక బార్ ఏ మైనర్, తర్వాతి బార్ ఇ సెవెన్త్. మొదటి బార్‌లో బేస్ ఏ, కార్డ్ ఏ-సి-ఇ. రెండో బార్‌లో బేస్ ఇ, కార్డ్ జి షార్ప్-డి-ఇ. బేస్‌ని కాసేపు పక్కన పెట్టి కార్డ్స్‌ని మాత్రమే ఒకదాని తర్వాత ఒకటి వాయించండి. బొటనవేలు ఇ మీద నుంచి కదలనే కదలదు. చిటికెన వేలి కిందున్న ఏ అరమెట్టు దిగి జి షార్ప్ అవుతుంది. సి ఒక్క మెట్టు ఎక్కి డి అవుతుంది, దాన్ని చూపుడు వేలు అందుకుంటుంది. అంటే పేజీలో భయంకరమైన దూకుళ్ళలా కనిపించేదాని లోపల వేళ్ళు కదిలేది ఈ కాస్తే. ఏ వాల్ట్జ్ తీసుకున్నా ముందు ఇలా కార్డ్స్ మాత్రమే, బేస్ లేకుండా, కలిపి కలిపి వాయించి చూడండి. ఆ తర్వాత బేస్, మెలోడీ మాత్రమే, కార్డ్స్ లేకుండా. ఈ రెండు రకాలుగా వాయించడం వచ్చాక మూడూ కలిపితే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

బేస్, కార్డ్, కార్డ్ అని మోత మోగిపోతోంది. సున్నితంగా ఎలా వస్తుంది?

మూడు బీట్లకీ ఒకే బలం ఇస్తున్నారన్నమాట. నోటితో "తకిట తకిట" అనుకుంటూ లెక్కపెట్టడం మంచిదే, కానీ అందులో మూడు అక్షరాలూ సమానం. వాల్ట్జ్‌లో సమానం కావు. వాల్ట్జ్ బార్ ఊయల లాంటిది. ఒక్కసారి తోస్తాం, మిగతా ఊపు దానంతటదే సాగుతుంది. బేస్ నోట్ ఆ తోపు. తర్వాతి రెండు కార్డ్‌లకి కొత్తగా బలం పెట్టక్కర్లేదు.

చేతిలో ఇది ఇలా ఉంటుంది. బేస్ నోట్‌కి చేతి బరువు చిటికెన వేలి మీద కిందకి వాలుతుంది. కార్డ్‌లకి మణికట్టు మెల్లగా పైకి లేస్తూ వస్తుంది, వేళ్ళు కీల పైపైన ఉంటాయి. రెండో బీట్ కార్డ్ కంటే మూడో బీట్ కార్డ్ ఇంకాస్త తేలిక, ఇంకాస్త పొట్టి. కార్డ్ కొట్టాక కీని పూర్తిగా పైకి రానివ్వకుండా సగం నుంచే మళ్ళీ నొక్కితే శబ్దం మృదువుగా వస్తుంది. మంచి యాక్షన్ ఉన్న పియానో మీద ఇది బాగా కుదురుతుంది.

బొటనవేలు కార్డ్‌లో పై నోట్ మీద ఉంటుంది, అది మిగతా వేళ్ళ కంటే బరువైంది. పట్టించుకోకపోతే ప్రతి కార్డ్‌లోనూ అదే పొడుచుకుని వినిపిస్తుంది, మెలోడీకి పోటీ వస్తుంది. అలా వినిపిస్తే కార్డ్‌ని బొటనవేలు లేకుండా కాసేపు వాయించి, తర్వాత దాన్ని పక్కకి వాల్చి ఊరికే తాకినట్టు చేర్చండి.

మొత్తం మీద వినిపించాల్సిన క్రమం: అన్నిటికన్నా పైన మెలోడీ, తర్వాత బేస్, బాగా వెనకాల కార్డ్స్. బేస్ నోట్స్‌ని వరుసగా విడిగా పాడుకోగలిగితే ఆ వాల్ట్జ్ మీకు అర్థమైనట్టే. షోపాన్ బేస్ లైన్లు విడిగా విన్నా అందమైన పాటల్లా ఉంటాయి.

రెండో బీట్‌ని కాస్త ముందే వాయించాలంటారు. నిజమేనా?

అది వియన్నా ఆర్కెస్ట్రాలు స్ట్రాస్ కుటుంబం వాల్ట్జ్‌లు వాయించే తీరు. రెండో బీట్ గడియారం కంటే కొద్దిగా ముందే వచ్చి, మూడో బీట్ దగ్గర కాస్త గాలి మిగులుతుంది. స్ట్రాస్ వాల్ట్జ్‌ల పియానో వెర్షన్లలో, షూబర్ట్‌లో అక్కడక్కడా ఇది బాగుంటుంది.

షోపాన్‌కి మాత్రం దీన్ని అలవాటుగా అంటించొద్దు. ఆయన వాల్ట్జ్‌లు బాల్‌రూమ్ కోసం రాసినవి కావు, పారిస్ సలోన్లలో కూర్చుని వినడానికి రాసినవి. ప్రతి బార్‌లోనూ రెండో బీట్ తోసుకొస్తే మెలోడీ ఊపిరాడనట్టు అవుతుంది. ఒక పెద్ద ఫ్రేజ్ (ఒక్క ఊపిరిలో పాడే వాక్యం లాంటి మెలోడీ భాగం) ఊపందుకునే చోట ఒకటి రెండు బార్లలో వాడితే చాలు.

పెడల్ ఎక్కడ నొక్కాలి, ఎక్కడ వదలాలి?

మామూలు సూత్రం ఏమిటంటే బార్‌కి ఒకసారి, బేస్‌తో పాటు. కానీ ఆ "పాటు" అన్న చోటే తేడా వస్తుంది. బేస్ నోట్ కీ కిందకి వెళ్ళే క్షణంలో పాదం పైకి లేచి పాత శబ్దాన్ని తుడిచేయాలి. బేస్ మోగగానే, వేలు ఇంకా కీ మీద ఉండగానే, పాదం మళ్ళీ కిందకి రావాలి. ఆ తర్వాతే వేలు కీని వదిలి కార్డ్ మీదకి వెళ్ళొచ్చు. పాదం ఆలస్యమైతే చెయ్యి అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది, బేస్ దొరకదు, కార్డ్స్ మాత్రమే పొడిపొడిగా మోగుతాయి. ఎడమ చేత్తో ఒక్క బేస్ నోట్ వాయించి, పెడల్ పట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకోండి. నోట్ ఇంకా మోగుతుంటే పాదం సమయానికి వచ్చినట్టు. ఇలా ఒక పేజీ అంతా బేస్, పెడల్ మాత్రమే వాయిస్తే రెండు మూడు రోజుల్లో పాదానికి పట్టుబడుతుంది.

వదలడం ఎక్కడ అన్నది సంగీతాన్ని బట్టి ఉంటుంది. మెలోడీ కార్డ్‌లోని నోట్స్ మీదే నడుస్తుంటే బార్ చివరి దాకా పట్టుకోవచ్చు. పక్కపక్క నోట్స్ మీద చకచకా నడుస్తుంటే రెండో బీట్‌కో మూడో బీట్‌కో వదిలేయాలి. సి షార్ప్ మైనర్ వాల్ట్జ్‌లో వేగం పెరిగే రెండో భాగం గుర్తుందా, కుడి చేతిలో ఎనిమిదో నోట్స్ ఆగకుండా పరిగెడతాయి. అక్కడ బార్ అంతా పెడల్ పట్టుకుంటే పరుగు కనపడదు, పొగే మిగులుతుంది. బేస్‌కి చిన్న స్పర్శ చాలు.

షోపాన్ రాసిన పెడల్ గుర్తులు కొన్ని చోట్ల మరీ పొడుగ్గా అనిపిస్తాయి. ఆయన ఇష్టపడ్డ ప్లెయెల్ పియానోల్లో శబ్దం ఇప్పటి గ్రాండ్ పియానోల కంటే సన్నం, త్వరగా తగ్గిపోతుంది. కాబట్టి గుర్తుని కొట్టిపారేయకుండా, పెడల్‌ని పూర్తిగా కాకుండా సగం లోతుకి నొక్కి చూడండి. మీ గది, మీ పియానో ఎలా మోగుతాయో చెవితో చూసుకుని నిర్ణయించుకోవాల్సిందే.

షూబర్ట్‌కి ఇంకా తక్కువ పెడల్. కొన్నిటిని అసలు పెడల్ లేకుండా వాయించి చూస్తే ఎంత తాజాగా ఉంటాయో!

రుబాటో ఎంత వరకు చెయ్యొచ్చు?

రుబాటో అంటే భావం కోసం వేగాన్ని కాస్త సాగదీయడం, కాస్త ముందుకి జరపడం. ఇష్టం వచ్చినట్టు ఆగడం, పరిగెత్తడం కాదు. ఎడమ చెయ్యి ఆర్కెస్ట్రా కండక్టర్‌లా లయ కాపాడాలని, కుడి చెయ్యి దాని మీద స్వేచ్ఛగా పాడాలని షోపాన్ చెప్పేవాడని ఆయన శిష్యులు రాసిపెట్టారు. మాట చిన్నదే కానీ చెయ్యడం కష్టం. మొదట్లో రెండు చేతులూ కలిసి ఆగుతాయి, కలిసి పరిగెడతాయి.

దీనికి నాకు తెలిసిన మంచి దారి, ఎడమ చెయ్యి మాత్రం వాయిస్తూ మెలోడీని పాడటం. గొంతు బాగుండక్కర్లేదు. పాడేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో, ఏ నోట్ మీద కాసేపు నిలవాలనిపిస్తోందో గమనించండి. ఎడమ చెయ్యి మాత్రం ఆగకూడదు. ఆ పాడిన తీరునే కుడి చేతికి ఇవ్వండి.

మొత్తం ఫ్రేజ్ అంతా లయతో సహా సాగడం, ఒదగడం కూడా ఉంటుంది. భాగాల చివర్లో, మొదటి మెలోడీ తిరిగొచ్చే ముందు అది సహజం. అయితే ప్రతి నాలుగు బార్లకీ ఒకసారి ఆగితే వినేవాళ్ళు ముందే పసిగట్టేస్తారు, ఇక ఆ ఆగడంలో రుచి ఉండదు. మొదటిసారి ఒక చోట నిలిచారంటే, రిపీట్‌లో అదే చోట సూటిగా వెళ్ళిపోండి.

సి షార్ప్ మైనర్ వాల్ట్జ్ మొదట్లో షోపాన్ రాసిన మాట "టెంపో జుస్టో", అంటే దానికి తగిన, కుదురైన వేగం. అంత విషాదంగా ఉన్న మెలోడీకి ఆయన కోరింది కుదురు. చాలా వాయింపుల్లో మొదటి బార్ నుంచే సాగదీస్తారు, నాకది నచ్చదు. కుదురుగా మొదలైతేనే, డి ఫ్లాట్ మేజర్‌లో వచ్చే నెమ్మది భాగం నిజంగా నెమ్మదించినట్టు వినిపిస్తుంది.

మెట్రోనోమ్‌తో సాధన చెయ్యాలా? "మినిట్ వాల్ట్జ్"ని నిజంగా ఒక్క నిమిషంలో వాయించాలా?

మెట్రోనోమ్ వాడండి, కానీ బీట్‌కి ఒక క్లిక్ కాకుండా బార్‌కి ఒక క్లిక్ పెట్టండి. బీట్‌కి 180 వేగం అంటే బార్‌కి 60. నిమిషానికి అరవై క్లిక్‌లు వినిపిస్తుంటే మీరు మొదటి బీట్ దగ్గర కలిస్తే చాలు, లోపలి రెండు బీట్లూ మీవి. ఇంకొంచెం ధైర్యం వచ్చాక రెండు బార్లకి ఒక క్లిక్. వాల్ట్జ్‌ని "ఒకటి రెండు మూడు" అని మూడుగా కాకుండా, బార్‌కి ఒక్కటిగా లెక్కపెట్టడం దీనివల్ల అలవాటవుతుంది.

ఇక "మినిట్ వాల్ట్జ్" అంటే ఓపస్ 64 మొదటి వాల్ట్జ్, డి ఫ్లాట్ మేజర్. 1847లో అచ్చయింది. షోపాన్ "మోల్టో వివాచే" అని రాశాడు కాబట్టి చురుగ్గానే ఉండాలి, కానీ నిమిషం లెక్క ఎక్కడా పెట్టలేదు. మంచి వాయింపులు చాలావరకు రెండు నిమిషాలకి అటూ ఇటూగా ఉంటాయి. ఎడమ చెయ్యి నాలుగు బార్ల తర్వాత గానీ రాదు. అప్పటిదాకా కుడి చెయ్యి ఏ ఫ్లాట్ చుట్టూ ఒంటరిగా తిరుగుతుంది. అందులో ఎంత వేగంగా మొదలుపెడితే ఎడమ చెయ్యి అంత వేగంలో చేరాలి. అందుకే వాయించే ముందు మధ్యలోని పాటలాంటి భాగాన్ని మనసులో ఒకసారి అనుకోండి. ఆ భాగం పాడగలిగే వేగమే ఈ వాల్ట్జ్ వేగం.

షోపాన్ ఓపస్ 42లో కుడి చెయ్యి రెండు, ఎడమ చెయ్యి మూడు. ఎలా కలపాలి?

ఎనిమిది బార్ల ట్రిల్ (రెండు పక్క నోట్స్‌ని వేగంగా మార్చి మార్చి వాయించడం) తర్వాత మొదలయ్యే భాగం అది. కుడి చేతిలో ఆరు ఎనిమిదో నోట్స్ మూడేసి చొప్పున రెండు గుంపులవుతాయి, మెలోడీ నోట్ ప్రతి గుంపు మొదట్లో ఉంటుంది. ఎడమ చేతిలో అవే ఆరింటి కాలం రెండేసి చొప్పున మూడు బీట్లు. కాబట్టి ఇక్కడ లెక్కకి అందని భిన్నాలేమీ లేవు. నెమ్మదిగా వాయిస్తే ఏ నోట్ దేనితో కలుస్తుందో స్పష్టంగా తెలుస్తుంది: రెండో మెలోడీ నోట్ సరిగ్గా ఎడమ చేతి రెండో, మూడో బీట్ల మధ్యలో పడుతుంది.

కష్టమంతా వినడంలో ఉంది. కుడి చేతి గుంపుల్లో మొదటి నోట్‌ని మాత్రమే మోగించి, మిగతా రెండింటినీ దాదాపు గుసగుసలా వాయించాలి. ముందు ఆ మెలోడీ నోట్స్‌ని మాత్రమే, చిన్న నోట్స్ లేకుండా, ఎడమ చేతితో కలిపి వాయించండి.

ఏ ఎడిషన్ వాడాలి? నా పుస్తకంలో నోట్స్, రికార్డింగ్‌లో నోట్స్ వేరుగా ఉన్నాయి.

షోపాన్ విషయంలో ఇది మామూలే. ఆయన ఒకే రచనని ఫ్రాన్స్, జర్మనీ, ఇంగ్లండ్‌లలో విడివిడిగా అచ్చుకిచ్చేవాడు, వాటి మధ్యే తేడాలున్నాయి. పైగా ఆయన బతికుండగా అచ్చయిన వాల్ట్జ్‌లు ఎనిమిదే: ఓపస్ 18, ఓపస్ 34లోని మూడు, ఓపస్ 42, ఓపస్ 64లోని మూడు. ఓపస్ 69, 70 వాల్ట్జ్‌లని ఆయన పోయాక, 1855లో, స్నేహితుడు ఫోంటానా అచ్చు వేయించాడు. ఓపస్ 69 మొదటి వాల్ట్జ్‌కి షోపాన్ చేతిరాత ప్రతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, అవి ఫోంటానా అచ్చుతో అన్ని చోట్లా కలవవు. మీ పుస్తకం తప్పు కాదు, రికార్డింగ్ తప్పు కాదు.

యాన్ ఎకియెర్ సంపాదకత్వంలో వచ్చిన పోలిష్ నేషనల్ ఎడిషన్, జర్మనీకి చెందిన హెన్లె ఎడిషన్ రెండూ నమ్మదగ్గవి. కోర్టో ఎడిషన్‌లో సాధన సలహాలు బాగుంటాయి. కాపీరైట్ తీరిన పాత ఎడిషన్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, కానీ వాటిలో పెడల్, స్లర్ గుర్తులు సంపాదకులు చేర్చినవి చాలా ఉంటాయి. మొదటిసారి నేర్చుకోవడానికి వాటిని వాడినా, ఒకసారి మంచి ఎడిషన్‌తో పోల్చుకోండి.

షోపాన్ వాల్ట్జ్‌ల జాబితా ఇప్పటికీ పెరుగుతోంది. న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో దొరికిన ఒక చిన్న ఏ మైనర్ వాల్ట్జ్ గురించి 2024 అక్టోబర్‌లో ప్రకటించారు. అరచేతిలో పట్టే కాగితం మీద 24 బార్లు, మొదట్లోనే ఉరిమినట్టు మూడు "ఎఫ్"ల గుర్తు, అంటే వీలైనంత గట్టిగా అని. పైన చెప్పిన ఓపస్ నంబర్ లేని ఏ మైనర్ వాల్ట్జ్, ఇదీ వేరువేరు, కలిపేసుకోకండి.

నా చేతులు చిన్నవి. పెద్ద కార్డ్‌లు అందడం లేదు.

అందని చోట కింది నోట్‌ని బీట్ మీద వాయించి, పెడల్‌తో పట్టుకుని, మిగతావి వెంటనే విరిచి వాయించండి. కార్డ్ మధ్యలో రెండుసార్లు వచ్చే నోట్ ఉంటే ఒకటి వదిలేయొచ్చు. బేస్‌ని, మెలోడీని మాత్రం వదలొద్దు. చెయ్యి లాగి నొప్పి పుట్టేదాకా సాగదీయడం అస్సలు వద్దు. ముంజేయి బిగుసుకుంటే అక్కడితో ఆపి, చెయ్యి విదిలించి, సగం వేగంతో మళ్ళీ మొదలుపెట్టండి.

చిన్న అలంకార నోట్స్ బీట్‌కి ముందా, బీట్ మీదా?

షోపాన్‌లో ఎక్కువగా బీట్ మీద, బేస్‌తో కలిపి. అలా వాయిస్తే చిన్న నోట్‌కి కొంచెం నిట్టూర్పు గుణం వస్తుంది. అయితే వేగంగా దూకే నోట్‌కి ముందు వచ్చే ఒంటి అలంకారం బీట్‌కి ముందే వస్తే చెవికి ఇంపుగా ఉండే చోట్లూ ఉన్నాయి. ఏది వాయించినా తొందరపడకుండా, మెలోడీలో భాగంగా పాడినట్టు వాయించండి.

ఇంట్లో బాగా వస్తుంది, నలుగురి ముందు ఎడమ చెయ్యి మర్చిపోతాను. ఎందుకు?

మెలోడీ చెవిలో ఉంటుంది కాబట్టి మర్చిపోం. ఎడమ చెయ్యి మాత్రం కండరాల అలవాటు మీదే నడుస్తుంటుంది, టెన్షన్ రాగానే ముందు జారిపోయేది అదే. వాల్ట్జ్‌లలో ఇంకో చిక్కు ఉంది: ఒకే మెలోడీ నాలుగైదుసార్లు తిరిగొస్తుంది, ప్రతిసారీ చివర్లో వేరే దారి తీసుకుంటుంది. మనం రెండో దారి బదులు మొదటి దారిలోకి వెళ్ళిపోయి గుండ్రంగా తిరుగుతుంటాం.

కాబట్టి బేస్ లైన్‌ని విడిగా బట్టీ పట్టండి, కార్డ్ పేర్లతో సహా. పియానోకి దూరంగా కూర్చుని ఎడమ చెయ్యి మొదటి పేజీ బేస్ నోట్స్ చెప్పగలరేమో చూడండి. తర్వాత మెలోడీ తిరిగొచ్చే చోట్లన్నీ పక్కపక్కన పెట్టి, ఏ బార్‌లో దారులు విడిపోతాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ బార్ల నుంచి మొదలుపెట్టి వాయించడం కూడా సాధన చెయ్యాలి. మధ్యలో ఏదైనా జరిగితే ఎక్కి కూర్చోవడానికి మెట్లు ఉంటాయి.

61 కీల కీబోర్డ్ మీద కుదురుతుందా?

నోట్స్ నేర్చుకోవడం వరకు కుదురుతుంది. కానీ వాల్ట్జ్ బేస్ తరచూ ఆ కీబోర్డ్ కింది అంచు దాటి వెళ్తుంది, ఒక ఆక్టేవ్ పైకి మార్చుకుంటే దూకుడు పోతుంది, దానితో పాటు బేస్ లోతూ పోతుంది. ఇంకా ముఖ్యం, బరువున్న కీలు లేకపోతే పైన చెప్పిన బేస్-కార్డ్ తేడా వేళ్ళకి తెలియదు. 88 బరువైన కీలు, పెడల్ ఉన్న డిజిటల్ పియానో అయితే నిశ్చింతగా నేర్చుకోవచ్చు.

కచేరీలో ఎన్ని వాల్ట్జ్‌లు, ఏ వరుసలో వాయించాలి?

షోపాన్ పెద్ద వాల్ట్జ్ అయితే ఒక్కటి చాలు. రెండు వాయిస్తే ఒకటి నెమ్మదిది, ఒకటి చురుకైనది. ఓపస్ 34లోని ఏ మైనర్ ఈ పనికి బాగుంటుంది. అందులో మెలోడీ మొదట ఎడమ చేతిలోనే పుడుతుంది, కుడి చెయ్యి పైన కార్డ్స్ అందిస్తుంది. వినేవాళ్ళకి వెంటనే వేరే గొంతు విన్నట్టు ఉంటుంది.

షూబర్ట్ వాల్ట్జ్‌లు మాత్రం గుత్తిగా వాయించాలి. ఒక్కొక్కటీ నిమిషం కూడా ఉండదు. ఏడెనిమిది ఎంచుకుని, వాటి కీలు (పియానో మీటలు కాదు, ఏ ఫ్లాట్ మేజర్ లాంటి శ్రుతులు) ఒకదానికొకటి దగ్గరగా ఉండేలా అమర్చుకోండి. ఏ ఫ్లాట్ తర్వాత డి ఫ్లాట్ లేదా ఇ ఫ్లాట్, మధ్యలో ఒక మైనర్, మళ్ళీ మొదటి కీ. మొదటిది చివర్లో ఇంకోసారి వాయిస్తే చుట్టు పూర్తవుతుంది. మధ్యలో చేతులు ఒళ్ళో పెట్టుకోవద్దు, చప్పట్లు కొట్టేస్తారు.

ఆ ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది వేబర్ 1819లో రాసిన "ఇన్విటేషన్ టు ది డాన్స్"కి. అబ్బాయి నాట్యానికి పిలవడం, అమ్మాయి కాస్త బెట్టు చేసి ఒప్పుకోవడం, నాట్యం, చివర్లో సెలవు తీసుకోవడం అందులో కథ. నాట్యం హోరుగా ముగిసిన చోట జనం అయిపోయిందనుకుని చప్పట్లు మొదలుపెడతారు, ఇంకా నెమ్మదైన వీడ్కోలు మిగిలే ఉంటుంది. అక్కడ చేతులు కీల మీదే ఉంచి, ఒళ్ళు కదపకుండా, ఆ నిశ్శబ్దాన్ని లెక్కపెట్టి, ఎడమ చేతితో వీడ్కోలు మొదలుపెట్టండి.